బేస్ గిటార్ పికప్‌లు మార్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త పికప్‌లు (స్ట్రింగ్ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కలు) చేతికొచ్చాయనీ, వైరింగ్ బొమ్మ ఒకటి పంపమనీ రాశావు. బొమ్మ పంపడానికి ఎంతసేపు, పంపుతాను. కానీ తల్లీ, బొమ్మ చూసి వైర్లు అతికించడం ఈ పనిలో చిన్న భాగం. పికప్ మార్చాక సౌండ్ బాగాలేదని వాపోయేవాళ్లలో చాలామందికి లోపం పికప్‌లో ఉండదు. గ్రౌండ్ (సర్క్యూట్‌లో సున్నా వైపు వైరు) సరిగా అతకదు, పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద తిరిగే రెసిస్టర్) విలువ తేడాగా ఉంటుంది, లేదంటే పికప్ ఎత్తు ఎవరూ చూసుకోరు. అందుకే బొమ్మ సంగతి కాస్త పక్కన పెట్టి, ఏ దశలో ఏం చూసుకోవాలో చెప్తాను.

మొట్టమొదట, పాతవి ఊడదీయక ముందే వాటి ఎత్తు సరిచేసి ఒకసారి విను. ఇది నువ్వు చెయ్యవని నాకు తెలుసు, కొత్త వస్తువు ఎదురుగా ఉంటే ఎవరికీ చేతులాగవు. అయినా చెయ్యి. అన్నిటికన్నా లావైన E స్ట్రింగ్‌ని ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, స్ట్రింగ్ అడుగు నుంచి పికప్ పోల్ (పైకి కనిపించే లోహపు కడ్డీ) పైభాగం దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలువు. మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటే ఫరవాలేదు. జీ స్ట్రింగ్ వైపు రెండు నుంచి రెండున్నర. ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న పికప్ నీరసంగా వినిపిస్తే దాని తప్పేముంది? స్క్రూ తిప్పి పైకి తెచ్చి, వారం రోజులు వాయించి చూడు. అప్పటికీ నచ్చకపోతే నిశ్చింతగా మార్చు. కనీసం ఏం నచ్చలేదో నీకే స్పష్టంగా తెలుస్తుంది, కొత్తదాన్ని దేనితో పోల్చాలో కూడా తెలుస్తుంది.

ఇక కొలతలు. నీది జాజ్ బేస్ (ఫెండర్ కంపెనీ మోడల్) తరహా అన్నావు కాబట్టి చెప్తున్నాను, ఆ రెండు పికప్‌లూ ఒకే పొడవు ఉండవు. మెడ వైపుది కాస్త పొట్టి, బ్రిడ్జి వైపుది రెండు మూడు మిల్లీమీటర్లు పొడవు. కొన్ని కంపెనీల గిటార్లలో మాత్రం రెండూ పొడవువే పెడతారు. పొడవైన పికప్ పొట్టి గుంటలో పట్టదు, పొట్టిది పొడవైన గుంటలో పెడితే రెండు పక్కలా సందు కనిపిస్తుంది. కాబట్టి పికప్ కవరునీ, చెక్కలోని గుంటనీ రెండింటినీ కొలిచి చూసుకో. ఫెండర్‌దే ఇంకో మోడల్ ప్రెసిషన్ బేస్, ఆ తరహా పికప్‌తో ఈ బాధ తక్కువ, ఆ రెండు ముక్కల ఆకారం దాదాపు అంతటా ఒకటే. సబ్బుబిళ్లలా ఉండే సోప్‌బార్ రకాలతోనే అసలు తలనొప్పి, బయటికి ఒకేలా ఉంటూ పొడవులో, మూలల గుండ్రనితనంలో, స్క్రూ రంధ్రాల స్థానంలో తేడాలుంటాయి. చెక్క చెక్కాల్సి వస్తుందని తేలితే అక్కడే ఆగి, పికప్ వెనక్కిచ్చి సరైనది తెప్పించుకో. పోయిన చెక్క తిరిగి రాదు.

సరిపోయాయని తేలాక మల్టీమీటర్ తియ్యి. అది లేకుండా మాత్రం ఈ పని మొదలుపెట్టకు. ఖరీదైనది అక్కర్లేదు, ఓమ్‌లు చూపించి, కంటిన్యూటీకి (వైరు దారి ఎక్కడా తెగకుండా ఉంటే) బీప్ కొడితే చాలు. 20 కిలో ఓమ్‌ల రేంజిలో పెట్టి కొత్త పికప్ రెండు వైర్లకూ మీటరు రెండు ముళ్లూ తాకించు. జాజ్ తరహా సింగిల్ కాయిల్ అయితే మామూలుగా 7, 8 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. ప్రెసిషన్ అయితే రెండు ముక్కలూ సిరీస్‌లో కలిసి 10, 11 దగ్గర. ఏమీ చూపించకుండా ఓపెన్ అని వస్తే లోపల కాయిల్ తెగిందన్నమాట. అది ఇప్పుడే తెలిస్తే మార్చి ఇస్తారు. సోల్డర్ పెట్టాక ఆ మాట చెబితే నీదే తప్పంటారు. ఈ అంకెలు కాగితం మీద రాసిపెట్టుకో, చివర్లో మళ్లీ పనికొస్తాయి. ఒక్క మాట, ఓమ్‌లు ఎక్కువ ఉన్నంత మాత్రాన పికప్ గొప్పదేమీ కాదు. వైరు మందం, అయస్కాంతం రకం, ఎన్ని చుట్లు వేశారు అన్నవన్నీ కలిస్తేనే సౌండ్. ఆ అంకె కాయిల్ బతికుందో లేదో తెలుసుకోవడానికే.

పికప్‌ని చేత్తో పట్టుకునేటప్పుడు పైన కనిపించే పోల్స్‌ని వేలితో లోపలికి నొక్కకు. పాత పద్ధతిలో చేసిన సింగిల్ కాయిల్స్‌లో ఆ కడ్డీలే అయస్కాంతాలు, కాయిల్ వైరు నేరుగా వాటి మీదే చుట్టి ఉంటుంది. ఆ వైరు 42 గేజిది, అంటే మందం 0.06 మిల్లీమీటర్ల చిల్లర. కడ్డీ కాస్త జరిగితే లోపలి చుట్టు తెగుతుంది, పికప్ చచ్చిపోతుంది.

మీటరు చేతిలో ఉండగానే ఇంకో పరీక్ష చేసెయ్. ఒక పికప్‌కి మీటరు తగిలించి, అంకె నిలబడ్డాక ఇనుప స్క్రూ డ్రైవర్ కొసని పోల్ మీద టక్కున ఆనించు. అంకె ఒక్క క్షణం పైకో కిందికో గెంతి మళ్లీ చోటికొస్తుంది. ఎటు గెంతిందో చూసుకో. రెండో పికప్‌కి కూడా మీటరు ముళ్లు అదే పద్ధతిలో, ఎరుపు హాట్‌కీ (సౌండ్ మోసే వైరుకీ) నలుపు గ్రౌండ్‌కీ పెట్టి అలాగే చెయ్యి. రెండూ ఒకే వైపు గెంతితే ఫేజ్ (రెండు సిగ్నళ్లూ ఒకే దిశలో ఊగడం) సరిపోయింది. ఒకటి పైకీ ఒకటి కిందికీ వెళ్తే, రెండూ కలిపి వాయించినప్పుడు అడుగు సౌండ్ అంతా మాయమై, గొంతు నొక్కినట్టు సన్నగా వస్తుంది. అప్పుడు ఏదో ఒక పికప్ రెండు వైర్లనీ తారుమారు చెయ్యాలి. అయితే లోహపు కవరో, అడుగున లోహపు పలకో ఉండి అది గ్రౌండ్ వైరుకి అతికి ఉంటే, ముందు దాన్ని విడదీసి వేరే వైరుతో గ్రౌండ్‌కి కలపాలి. లేకపోతే కవరంతా హాట్ అయి కూర్చుంటుంది, చెయ్యి తగిలినప్పుడల్లా బుర్రుమంటుంది.

ఇంకా, రెండు పికప్‌ల ముఖాలనీ ఎదురెదురుగా మెల్లగా దగ్గరికి తెచ్చి చూడు, తాకనివ్వకు. ఆకర్షించుకుంటే ఒకదాని అయస్కాంతం పైకి ఉత్తరం, రెండోదానిది దక్షిణం అన్నమాట. జోడీగా అమ్మే జాజ్ పికప్‌లు ఇలాగే ఉండాలి, చుట్టు కూడా ఎదురు దిశలో ఉంటుంది. అప్పుడే రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు కరెంటు హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. వికర్షించుకుంటే ఆ లాభం రాదు. విడివిడిగా కొన్న పికప్‌లతో ఇది తరచూ జరిగే సంగతి. ప్రెసిషన్ బేస్ 1951లో మొదట వచ్చినప్పుడు మామూలు సింగిల్ కాయిల్‌తోనే వచ్చింది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి ఇదే కిటుకు ఒక్క పికప్‌లోనే ఇమిడ్చారు. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కి మాత్రం రెండూ సమానంగా తెరిస్తేనే నిశ్శబ్దం, ఒకదాన్ని తగ్గిస్తే కొంచెం హమ్ మళ్లీ తలెత్తుతుంది. అది నీ వైరింగ్ లోపం అనుకుని కంగారుపడకు.

పాట్‌లూ జాక్ కూడా మార్చాలా అని అడిగావు. పాత పాట్ తిప్పితే కరకరలాడుతున్నా, జాక్‌లో ప్లగ్ వదులుగా ఉన్నా ఎలాగూ తెరుస్తున్నావు కాబట్టి మార్చెయ్. నా మాట వింటే జాక్ విషయంలో పిసినారితనం వద్దు, గిటార్ మొత్తంలో ఎక్కువ దెబ్బలు తినేది అదే. పాసివ్ (బ్యాటరీ లేని) సింగిల్ కాయిల్స్‌కి 250కె (కిలో ఓమ్‌ల) పాట్‌లు, హంబకర్లకి (హమ్ కొట్టేసే రెండు కాయిళ్ల పికప్‌లకి) మామూలుగా 500కె. విలువ పెరిగే కొద్దీ పైస్వరాలు ఎక్కువగా బయటికొస్తాయి. జాజ్ పికప్‌కి 500కె పెట్టి, సౌండ్ గీరుకుపోతోందని పికప్‌ని తిట్టేవాళ్లున్నారు. పాట్ మీద ఏ అని ఉంటే లాగ్, బి అని ఉంటే లీనియర్ అని చాలా కంపెనీలు రాస్తాయి. టోన్‌కి లాగ్ తీసుకో. వాల్యూమ్‌కి ఏది పెట్టుకున్నా చెవి నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది.

సీటీఎస్ లాంటి అంగుళాల కొలత పాట్‌ల మెడ లావు, దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చవక గిటార్ల ప్లేట్లలో ఏడెనిమిది మిల్లీమీటర్ల రంధ్రాలే ఉంటాయి. దాన్ని డ్రిల్లుతో పెద్దది చేయబోతే సన్నటి లోహపు ప్లేటు బిట్‌కి చుట్టుకుని గిర్రున తిరిగి వేళ్లు కోస్తుంది, రీమర్‌తో కొంచెం కొంచెంగా తిప్పి పెద్దది చేసుకో. నాబ్‌లు కూడా ఒకసారి పెట్టి చూడు, 6 మిల్లీమీటర్ల షాఫ్ట్ నాబ్ 6.35 షాఫ్ట్ మీద ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కించేవాళ్లని చూశాను, పాట్ లోపలి ట్రాక్ ఊడిపోతుంది.

టోన్ కెపాసిటర్ 0.047 మైక్రోఫారడ్ చాలు. దాని మీద 473 అని ఉంటుంది. 0.1 పెడితే టోన్ పూర్తిగా తగ్గించినప్పుడు మరీ మందంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంది, అది కావాలనుకునేవాళ్లూ ఉన్నారు. ఫిల్మ్ కెపాసిటర్‌కి అటూ ఇటూ తేడా లేదు, ఎలా పెట్టినా ఒకటే. ఇక ఆ నూనె కాగితం కెపాసిటర్లు, పాత కాలం రంగురంగుల బిళ్లలు అంటూ చెవిలో ఊదేవాళ్ల మాట పట్టించుకోకు. విలువ ఒకటే అయితే లోపల ఏ రంగుదుందో గిటార్‌కి తెలియదు.

విప్పే ముందు ఫోటోలు తీసుకో, ఒకటి కాదు, నాలుగు వైపుల నుంచీ. ఫోటోలో ఒక వైరు కింద ఇంకోటి దాక్కుంటుంది కాబట్టి కాగితం మీద చేత్తో గీసుకోవడం కూడా మంచిది. స్ట్రింగ్స్ మెల్లగా, నాలుగూ కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. పాత పికప్ కింద స్పాంజి ముక్కలో, చిన్న స్ప్రింగులో ఉంటాయి, అవి గాల్లోకి ఎగిరితే గదంతా వెతకాలి. స్పాంజి పొడిపొడి అయిపోయి ఉంటే కొత్తది వెయ్యి, అది గట్టిగా లేకపోతే పికప్ పైకి రమ్మన్నా రాదు. పాత పికప్ వైర్లని కత్తిరించకు, సోల్డర్ కరిగించి లాగు. రేపు అమ్మాలన్నా, మళ్లీ పెట్టుకోవాలన్నా పొడవు కావాలి.

బ్రిడ్జి కింద నుంచి ఒక వైరు వచ్చి పాట్ వెనక అతికి ఉంటుంది, దాన్ని మాత్రం ఎక్కడికో పోనివ్వకు. అదే స్ట్రింగ్స్‌ని గ్రౌండ్ చేసేది. మీటరు బీప్‌లో పెట్టి ఒక ముల్లు బ్రిడ్జి మీద, ఇంకోటి ఆ వైరు కొస మీద పెట్టు. బీప్ రాకపోతే బ్రిడ్జి విప్పి దాని కింద వైరు కొస లోహానికి తగిలేలా సర్ది మళ్లీ బిగించు.

ఇప్పుడు సోల్డరింగ్. ఇక్కడ కొంచెం ఓపిగ్గా విను. సన్నటి మొన ఉన్న చిన్న ఐరన్‌తో పాట్ వెనక గ్రౌండ్ అతికించడానికి ప్రయత్నించకు. పాట్ డబ్బా మొత్తం వేడిని పీల్చేస్తుంది, నువ్వు నిమిషం సేపు ఆనించి కూర్చుంటావు, ఈలోగా లోపలి ట్రాక్ మాడిపోతుంది. కనీసం 40 వాట్ల ఐరన్, ఉలిలా వెడల్పు మొన, ఉష్ణోగ్రత పెట్టుకునే వీలుంటే 350 నుంచి 380 డిగ్రీల సెల్సియస్. పెద్ద వేడి కొద్దిసేపు, అదే కిటుకు. సోల్డర్ రోజిన్ కోర్‌ది, తగరం, సీసం పాళ్లు 60/40 గానీ 63/37 గానీ. ఈ రెండోది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గట్టిపడుతుంది, నేర్చుకునేవాళ్లకి అదే హాయి. సీసం లేని రకం తీసుకుంటే ఇంకో 30, 40 డిగ్రీలు ఎక్కువ వేడి కావాలి. పైపులు అతికించే ఆసిడ్ ఫ్లక్స్ మాత్రం ఎలక్ట్రానిక్స్ దగ్గరికి రానివ్వకు, నెలల తర్వాత కూడా వైరుని తినేస్తూనే ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకో, కిటికీ తెరిచి పెట్టు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తిను. గిటార్ మీద పాత దుప్పటి కప్పు. ఒక్క సోల్డర్ చుక్క పడిందంటే పాలిష్‌లో గుంట పడ్డట్టే.

పాట్ వెనక భాగాన్ని గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దు. ఐరన్ మొనకి కొద్దిగా సోల్డర్ తగిలించి, మొన వెడల్పు భాగాన్ని డబ్బా మీద పరిచినట్టు ఆనించి మూడు నాలుగు సెకన్లు ఆగు. తర్వాత సోల్డర్‌ని ఐరన్‌కి కాదు, పక్కనే ఉన్న లోహానికి తాకించు. లోహం తగినంత వేడెక్కితే సోల్డర్ తనంతట తానే పల్చగా పాకుతుంది, అంచులు డబ్బాలో కలిసిపోతాయి. అలా కాకుండా తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడిందంటే అతకలేదన్నమాట, చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా రేపో మాపో ఊడుతుంది. ఆ పల్చటి పొర ఆరాక, వైరు కొసకి కూడా విడిగా సోల్డర్ పట్టించి, రెండింటినీ కలిపి ఇంకోసారి వేడి చెయ్యి. కరిగి కలిశాక ఐరన్ తీసి, ఆరేదాకా వైరు కదలకుండా పట్టుకో. చేత్తో పట్టుకుంటే కాలుతుంది, నోస్ ప్లయర్‌తో పట్టుకో. ఆరేటప్పుడు కదిలితే పైన మసకబారి, గరుకుగా అవుతుంది. దాన్నే కోల్డ్ జాయింట్ అంటారు. నోటితో ఊది ఆర్పకు. ఆరాక వైరుని కాస్త గట్టిగా లాగి చూడు, ఊడేదేదో ఇప్పుడే ఊడనీ.

వాల్యూమ్ పాట్ కాళ్లలో (వైర్లు అతికించే మూడు రేకుల్లో) ఏది గ్రౌండ్ కాలో బొమ్మ చూసి గుర్తుపెట్టుకోవద్దు, బొమ్మ వెనక నుంచి గీశారో ముందు నుంచి గీశారో తెలియక అందరూ అక్కడే తడబడతారు. నాబ్‌ని పూర్తిగా తగ్గించి, మధ్య కాలికీ రెండు పక్క కాళ్లకీ మీటరు పెట్టి చూడు. ఏ పక్కన సున్నా దగ్గరికి వస్తుందో అది గ్రౌండ్ కాలు. దాన్ని వెనక్కి వంచి డబ్బాకి అతికించెయ్.

జాజ్ బేస్‌లో రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. ఒక్కో పికప్ హాట్ వైరు దాని వాల్యూమ్ పాట్ మధ్య కాలికి వెళ్లాలి. మిగిలిన పక్క కాళ్లు రెండింటినీ ఒక వైరుతో కలిపి, అక్కడి నుంచే టోన్‌కీ జాక్ కొసకీ తీసుకెళ్లాలి. మామూలుగా ఒక్క వాల్యూమ్ ఉన్నప్పుడు, ప్రెసిషన్‌లో లాగా, ఇందుకు తిరగేసి చేస్తారు, అంటే పికప్ పక్క కాలికి, జాక్ మధ్య కాలికి. ఆ పద్ధతి జాజ్‌లో చేస్తే ఒక వాల్యూమ్ సున్నా చేసిన మరుక్షణం గిటార్ మొత్తం మూగబోతుంది, ఎందుకంటే రెండు మధ్య కాళ్లూ కలిసే ఉన్నాయి కాబట్టి రెండో పికప్ కూడా గ్రౌండ్‌కి పోతుంది. నేను చెప్పిన పద్ధతిలో సున్నా చేస్తే ఆ పికప్ ఒక్కటే గ్రౌండ్ అవుతుంది, రెండోదానికి అడ్డంగా 250కె ఉండనే ఉంటుంది, అది సుఖంగా మోగుతుంది. టోన్ పాట్ ఒక పక్క కాలికి ఈ కలిపిన వైరు, మధ్య కాలి నుంచి కెపాసిటర్ మీదుగా డబ్బాకి. అంతే. అన్ని పాట్‌ల డబ్బాలూ ఒకదానితో ఒకటి వైరుతో కలవాలి, వాటికే పికప్ గ్రౌండ్‌లు, బ్రిడ్జి వైరు, జాక్ గ్రౌండ్. లోహపు ప్లేటు వాటిని ఎలాగూ కలుపుతుంది కదా అని వదిలెయ్యకు, నట్టు వదులైన రోజున సౌండ్ పోతుంది.

జాక్‌లో ఏ ట్యాగ్ దేనిదో కూడా మీటరుతోనే తేల్చుకో. ప్లగ్ దూర్చి, ప్లగ్ కొసకి బీప్ కొట్టే ట్యాగ్‌కి హాట్, ప్లగ్ ఒంటికి బీప్ కొట్టేదానికి గ్రౌండ్. ఇది తారుమారైతే గిటార్ మోగుతుంది గానీ, స్ట్రింగ్ ముట్టుకోగానే బజ్ పెరుగుతుంది. మామూలుగా ముట్టుకుంటే తగ్గాలి. బిగించేటప్పుడు జాక్ లోపల తిరిగి వైర్లు మెలిపడకుండా పట్టుకుని నట్టు తిప్పు.

నాలుగు వైర్ల హంబకర్ ఎప్పుడైనా పెడితే గుర్తుంచుకో, వైర్ల రంగులు కంపెనీ కంపెనీకీ వేరు. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్, ఎరుపూ తెలుపూ కలిపి టేపు చుట్టాలి, ఆకుపచ్చా ఒట్టి వైరూ గ్రౌండ్‌కి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలపాలి, ఆకుపచ్చా ఒట్టి వైరూ గ్రౌండ్. ఒకదాని బొమ్మ చూసి ఇంకోదానికి పెడితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. ఈఎంజీ లాంటి బ్యాటరీ పికప్‌ల కథ వేరే, వాటికి 25కె పాట్‌లు, 9 వోల్టుల బ్యాటరీ, స్టీరియో జాక్ కావాలి. ప్లగ్ దూర్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. వాటికి బ్రిడ్జి గ్రౌండ్ వైరు కూడా అక్కర్లేదు. ఒకటి యాక్టివ్, ఒకటి పాసివ్ కలిపి పెడదామన్న సరదా మాత్రం ఇప్పుడే వద్దు.

గుంటల్లో రాగి రేకు టేపు అతికించాలా అంటే, సమయం ఉంటే అతికించు, జిగురు వైపు కూడా కరెంటు పారే రకం తీసుకుని. ముక్కలన్నీ ఒకదానితో ఒకటి బీప్ కొట్టాలి, మొత్తం గ్రౌండ్‌కి కలవాలి. జాక్ హాట్ ట్యాగు గుంట గోడకి ఆనే చోట ఇన్సులేషన్ టేపు వెయ్యి, లేకపోతే మూత బిగించగానే సౌండ్ మాయం. ఈ రాగి రేకు లైట్లు, డిమ్మర్ల నుంచి వచ్చే గీరు బజ్‌ని తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర సింగిల్ కాయిల్ పట్టుకునే 50, 60 హెర్ట్జ్‌ల గుర్రు మాత్రం దీనితో పోదు, అది అయస్కాంత క్షేత్రం పని.

స్ట్రింగ్స్ బిగించక ముందే, మూత పెట్టక ముందే పరీక్ష. గిటార్‌కి కేబుల్ దూర్చి, అవతలి ప్లగ్ కొసకీ ఒంటికీ మీటరు పెట్టు. ఒక వాల్యూమ్ మాత్రం తెరిస్తే నువ్వు రాసిపెట్టుకున్న అంకె కంటే కొంచెం తక్కువ రావాలి, 7.5 ఉన్నచోట 7 పైచిలుకు. రెండూ తెరిస్తే దాదాపు అందులో సగం. రెండూ సున్నా చేస్తే జాజ్ వైరింగ్‌లో 125 కిలో ఓమ్‌ల దగ్గర రావాలి, మీటరు రేంజి మార్చుకో. ఈ మూడూ సరిపోతే వైరింగ్ సరిపోయినట్టే. అప్పుడు ఆంప్‌కి తగిలించి, సౌండ్ బాగా తగ్గించి, స్క్రూ డ్రైవర్‌తో ఒక్కో పోల్ మీద తడితే టక్ టక్‌మనాలి. మెడ వాల్యూమ్ ఒక్కటే తెరిచి బ్రిడ్జి పికప్ మీద తడితే మోగిందంటే, వైర్లు మారాయన్నమాట.

పికప్ స్క్రూలకి కొంచెం సబ్బో మైనమో రాసి బిగించు, చెక్క చీలదు. స్ట్రింగ్స్ శ్రుతి చేసి, ఒక పూట అలా వదిలెయ్. మెడ మీద బరువు పోయి మళ్లీ వచ్చింది కదా, దాని వంపు కాస్త మారి ఉండొచ్చు. అది స్థిరపడ్డాకే పికప్ ఎత్తు కొలువు. మొదట చెప్పిన కొలతలతో మొదలుపెట్టి ఆ తర్వాత చెవికి అప్పగించు. నాలుగు స్ట్రింగులూ ఒకే బలంతో మీటి, ఏది మందగిస్తుందో ఏది అరుస్తుందో చూడు. అప్పుడు మెడ, బ్రిడ్జి పికప్‌లని ఒకదాని తర్వాత ఒకటి విని సమం చెయ్యి. బ్రిడ్జి దగ్గర స్ట్రింగ్ ఊపు తక్కువ, అందుకే ఆ వైపుది కొంచెం దగ్గరగా పెట్టుకోవాల్సి వస్తుంది. మరీ దగ్గరైతే అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగి, E స్ట్రింగ్ పై ఫ్రెట్లలో శ్రుతి తప్పినట్టు, రెండు స్వరాలు ఒకేసారి కొట్టుకున్నట్టు వణుకుతుంది. అది వినిపిస్తే ఒక్క పావు తిప్పు కిందికి దించు.

రెండు పికప్‌ల ఓమ్‌లు, స్క్రూ డ్రైవర్ ఆనిస్తే అంకె ఎటు గెంతిందో, నీ ప్లేటు రంధ్రాల కొలత, ఈ మూడూ రాసి పంపు. వాటిని చూసి నీ గిటార్‌కి సరిపోయే బొమ్మ గీసి పంపుతాను.

ఉంటాను,
మామయ్య